పాత రెగే పునర్ముద్రణలు కొనేవారికి ఒక దంతవైద్యురాలి సలహాలు

ముందు నేను మోసపోయిన సంగతి చెబుతాను. 2009లో బర్మింగ్‌హామ్ దగ్గర ఒక రికార్డుల సంతలో 45 పౌండ్లు పోసి ఒక డబ్ ఎల్పీ కొన్నాను. జమైకా వాళ్ళ రెగే సంగీతంలో గొంతును దాదాపు తీసేసి మళ్ళీ మిక్స్ చేసిన పాటల పెద్ద రికార్డు అది. లేబుల్ మీద జమైకా రాజధాని కింగ్‌స్టన్ చిరునామా, వెలిసినట్టున్న పసుపు రంగు, పాటల పేర్లలో రెండు అచ్చుతప్పులు. 1975లో జమైకాలో అచ్చయిన మొదటి ముద్రణేనని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. ఇంటికి తెచ్చి, పళ్ళు చూడటానికి వాడే భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, చివరి పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి పట్టీని పరిశీలించాను. అక్కడ ఒక సంఖ్య, దాని పక్కన ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం, ఒకటి అంకె, ఏటవాలు గీత, ‘ఎ’ అక్షరం చెక్కి ఉన్నాయి. చెక్ దేశంలోని జీజెడ్ అనే కర్మాగారం ఈ కాలంలో తాను అచ్చేసే ఎల్పీలకు పెట్టే గుర్తు అది. దుకాణంలో కొత్తగా 12 పౌండ్లకు దొరికే సరుకును దాదాపు నాలుగింతలు పెట్టి తెచ్చుకున్నానన్నమాట.

చిత్రమేమిటంటే రికార్డు బ్రహ్మాండంగా మోగింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పునర్ముద్రణలు కొనడంలో చిన్నతనం ఏమీ లేదు. 1970ల నాటి జమైకా ఒరిజినళ్ళలో పేరున్నవి వందల పౌండ్లు పలుకుతాయి. అంత పెట్టి తెచ్చుకున్నా వాటిలో చాలావరకు రేకుల కప్పు మీద వాన పడుతున్న చప్పుడుతో మోగుతాయి. అక్కడ వినైల్ కొరత ఉన్న రోజుల్లో పాత రికార్డులనే కరిగించి మళ్ళీ అచ్చేసిన సందర్భాలున్నాయి. కాబట్టి నేను పునర్ముద్రణల మనిషిని. ఇక్కడ చెప్పేదంతా వాటి గురించే.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది రాజమండ్రి. దేవీచౌక్ దగ్గర నాన్నకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. నేను దంతవైద్యం చదివి, 2004 నుంచి బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్‌లో పని చేస్తున్నాను. స్టీల్ పల్స్ బృందం పుట్టిన పేట ఇది. 1978లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌కు ఈ పేట పేరే పెట్టుకున్నారు. నా కుర్చీలో కూర్చునే పెద్దవాళ్ళలో చాలామంది కుర్రతనంలో జమైకా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నోట్లో దూది కుక్కి ఉన్నా సరే, పాటల సంగతి ఎత్తితే మాట్లాడకుండా ఉండలేరు. నా చదువంతా వాళ్ళ దగ్గరే.

ముందుగా వినాల్సిన సంగతి

రికార్డుల జోలికి వెళ్ళే ముందు ‘రిడిమ్’ అంటే ఏమిటో తెలియాలి. డ్రమ్ములు, బేస్ గిటారు కలిసి అల్లిన వరస అది. నిర్మాత ఒకసారి డబ్బు పెట్టి వాద్యబృందం చేత ఆ వరసను టేపుకెక్కిస్తాడు. తర్వాత దాని మీద ఒక గాయకుడితో ప్రేమపాట, మరొకరితో భక్తిపాట, ఇంకొకరితో లయబద్ధమైన మాటల ప్రవాహం, ఇలా పదేళ్ళయినా వాడుకుంటూనే ఉంటాడు. సినిమా పాట వరసలో భజన కట్టుకునే మన భజన మండళ్ళను చూసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. మనవాళ్ళు వరసను మాత్రమే తీసుకుంటారు, కింగ్‌స్టన్‌లో వాయించిన టేపునే తీసుకుంటారు. తేడా అంతే.

ఏడంగుళాల జమైకా రికార్డు తిరగేస్తే రెండో వైపు చాలాసార్లు ‘వెర్షన్’ అని మాత్రమే ఉంటుంది. గొంతు తీసేసిన పాట అది. 1960ల చివర స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్, అంటే పెద్ద స్పీకర్లతో జనానికి రికార్డులు వేసే బృందం, నడిపే రూడీ రెడ్‌వుడ్ కోసం ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఒక ప్లేటు కోస్తూ ఇంజనీరు గొంతు కలపడం మరిచిపోయాడని, ఆ ప్లేటు వేస్తే ఆ రాత్రి జనమే పాట అందుకున్నారని చెబుతారు. ప్లేటు అనే మాట నాకు నచ్చుతుంది. మా తాతగారు గ్రామఫోన్ ప్లేటు అనేవారు. జమైకాలో కూడా అలా ఒక్కొక్కటిగా కోయించుకునే వాటిని డబ్‌ప్లేట్ అంటారు.

ఆ గొంతులేని పాటను ఒక కళగా మార్చినవాడు కింగ్ ట్యూబీ. అసలు పేరు ఆస్‌బర్న్ రడక్. కింగ్‌స్టన్ వాటర్‌హౌస్ పేటలోని డ్రోమిలీ అవెన్యూలో ఇంటినే స్టూడియో చేసుకున్నాడు. బాత్‌రూమును పాటగాళ్ళు నిలబడి పాడే గదిగా మార్చాడు. వృత్తి మాత్రం ఎలక్ట్రానిక్స్ రిపేరు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం. ఈ సంగతి నాన్నకు ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. మే నెలలో రాజమండ్రిలో కరెంటు ఎగిరెగిరి పడుతుంటే వీధి వీధికీ స్టెబిలైజర్లు చుట్టిచ్చిన మనిషి ఆయన. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే: ఎన్ని ట్రాకుల టేపు? నాలుగు, అన్నాను. నాలుగు మీటలతో ఇంత చేశాడా, అన్నారు. ఒక మీట దించితే గిటారు మాయమవుతుంది. మరొకటి పైకి తోస్తే గాయకుడి మాట ఒక్క ముక్క వచ్చి, ప్రతిధ్వనిలో కరిగిపోతుంది. బేస్ మాత్రం నేల కింద నదిలా నడుస్తూనే ఉంటుంది. డబ్ అంటే ఇదే. ట్యూబీని 1989 ఫిబ్రవరిలో ఆయన ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు.

కాలాల విషయంలో పెద్దగా తికమక పడక్కరలేదు. రెగే అన్న పేరు 1968 ప్రాంతంలో స్థిరపడింది. రూట్స్ అనే భక్తి, నిరసన పాటల రెగే, డబ్ పండింది 1970లలో. 1985లో క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులోని వరస మీద ప్రిన్స్ జామీ ఒక పాట చేశాక, చెయ్యి పడే డ్రమ్ముల కాలం దాదాపు ముగిసింది. అక్కడి నుంచి వచ్చింది వేరే లోకం. దాని మీద నాకు ద్వేషం లేదు, డబ్బు మాత్రం లేదు.

ఏ టేపు?

పునర్ముద్రణ చేతికి రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఇది. అసలు టేపు నుంచి తీశారా, పాత రికార్డునే మోగించి దాని నుంచి తీశారా?

జమైకాలో టేపులు నిలవడమే గొప్ప. కొత్త టేపు ఖరీదని పాత పాట మీదే కొత్త పాట ఎక్కించారు. తేమకు, చెదలకు కొన్ని పోయాయి. నిర్మాతలు దేశం దాటినప్పుడు కొన్ని ఎక్కడో అటకల మీద ఉండిపోయాయి. నిర్మాత లీ పెర్రీ 1973లో వాషింగ్టన్ గార్డెన్స్‌లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్ స్టూడియో కాలి బూడిదైంది. కాబట్టి శుభ్రమైన పాత రికార్డు ఒకటి సంపాదించి దాని నుంచి తీయడం తప్పు కాదు, చాలాసార్లు అదొక్కటే మార్గం. నిజాయితీ గల లేబుల్, అంటే రికార్డులు వేసే సంస్థ, ఆ మాట అట్ట మీద రాస్తుంది. రాయని వాటిని చెవితో పట్టుకోవచ్చు. పాట మొదలయ్యే ముందు అర సెకను నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్ పెట్టి వినండి. కొత్త, శుభ్రమైన రికార్డులో సన్నటి చిటపట వినిపించి, మళ్ళీ వేస్తే సరిగ్గా అదే చోట అదే చిటపట వస్తే, మీ రికార్డును అనుమానించే ముందు సీడీ గానీ డిజిటల్ ప్రతి గానీ వినండి. అందులోనూ ఉంటే అది మీ రికార్డు మురికి కాదు, 1976 నాటి ఎవరిదో మురికి. దాన్ని మరీ గట్టిగా కడిగేసిన ప్రతులు ఇంకా ఘోరం. చిటపటతో పాటు తాళాల చివరి మెరుపు కూడా పోయి, అంతా దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. చిటపటే నయం.

ఏ మిక్స్?

టేపులోని వాద్యాలను, గొంతును ఏది ఎంత వినిపించాలో చూసి కలపడమే మిక్స్. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. పాట ఒకటే, గాయకుడూ ఆయనే, ఆల్బమ్ పేరూ అదే. లోపల వినిపించేది వేరు.

గాయకుడు బర్నింగ్ స్పియర్ 1975లో చేసిన మార్కస్ గార్వీ ఆల్బమ్ తీసుకోండి. జాక్ రూబీ నిర్మించిన జమైకా మిక్స్ బరువుగా, మొరటుగా ఉంటుంది. దాన్ని లండన్‌కు చెందిన ఐలండ్ కంపెనీ విదేశీ శ్రోతల కోసం మళ్ళీ మిక్స్ చేసి మెత్తబరిచింది. స్పియర్‌కు అది నచ్చలేదు. దుకాణాల్లో సులువుగా దొరికేది ఆ ఐలండ్ మిక్సే. అది చెడ్డదని అనను, నేను రెగేలో అడుగుపెట్టింది దానితోనే. కానీ రెండూ పక్కపక్కన విన్న రోజున నాకు కోపం వచ్చింది.

బాబ్ మార్లీ బృందం క్యాచ్ ఎ ఫైర్ కూడా అంతే. కింగ్‌స్టన్ టేపుల మీద లండన్‌లో రాక్ గిటారు, కీబోర్డు కలిపి 1973లో విడుదల చేశారు. 2001లో వచ్చిన రెండు డిస్కుల ముద్రణలో ఆ కలపనివి కూడా ఉన్నాయి. మిక్స్ అంటే ఏమిటో మీ ఇంట్లో ఎవరికైనా వివరించాలంటే దీనికి మించిన పాఠం లేదు. పైగా సీడీగా చవకలో దొరుకుతుంది.

ఇక కాంగోస్ బృందం. 1977లో లీ పెర్రీ బ్లాక్ ఆర్క్‌లో చేసిన హార్ట్ ఆఫ్ ద కాంగోస్‌ను ఐలండ్ విడుదల చేయలేదు. పెర్రీ తన సొంత లేబుల్ మీద జమైకాలో కొద్ది ప్రతులు వేసి ఊరుకున్నాడు. ఆ తర్వాత మరో మిక్స్ కూడా చేశాడు. దాదాపు ఇరవై ఏళ్ళపాటు ఈ రికార్డు ఒక పుకారులా బతికింది. 1996లో మాంచెస్టర్‌కు చెందిన బ్లడ్ అండ్ ఫైర్ లేబుల్ దాన్ని బయటికి తెచ్చింది. 2017లో నలభై ఏళ్ళ సందర్భంగా వీపీ సంస్థ వేసిన ముద్రణలో తొలి మిక్స్ కూడా చేర్చారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. ఎవరైనా ఒకటే కొంటానంటే 2017 నాటిది కొనమంటాను. నేను వేసుకునేది మాత్రం 1996 నాటిదే. మొదట విన్నదాని మీద మమకారం అలా ఉంటుంది.

డబ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ట్యూబీ పేరు వేస్తే అమ్ముడవుతుందని ఆ స్టూడియో గడప తొక్కిన ప్రతి టేపుకూ ఆయన పేరు తగిలించారు. అక్కడ ఫిలిప్ స్మార్ట్, ప్రిన్స్ జామీ, సైంటిస్ట్ కూడా మిక్స్ చేసేవారు. ముఖ్యంగా బన్నీ లీ నిర్మించిన పాటల డబ్‌లు చవక సంకలనాల్లో పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి. నేను మూడు వేర్వేరు పేర్లతో ఒకే డబ్‌ను మూడుసార్లు కొన్నాను. అందుకే ఇప్పుడు అట్ట వెనక ఏ రిడిమ్, ఎవరు వాయించారు, ఎవరు మిక్స్ చేశారు అని రాయని డబ్ సంకలనాన్ని ముట్టుకోను.

లేబుళ్ళు

మంచి పునర్ముద్రణ లేబుల్ చేతిలో పడితే పై ప్రశ్నల్లో సగం వాళ్ళే మీ తరఫున అడిగేసి ఉంటారు. 1993లో మొదలైన బ్లడ్ అండ్ ఫైర్ ఈ పనికి మర్యాద తెచ్చింది. హక్కుదారుల దగ్గర అనుమతి, శుభ్రమైన శబ్దం, చిన్న పుస్తకమంత వివరణ. ఇప్పుడు ఆ లేబుల్ లేదు. దాని సీడీలు వాడినవి దొరుకుతాయి, కనిపిస్తే వదలకండి. సీడీ అని మొహం చిట్లించేవాళ్ళ మాట వినకండి. కీత్ హడ్సన్ 1974లో చేసిన పిక్ ఎ డబ్‌ను నేను మొదట విన్నది ఆ లేబుల్ సీడీలోనే. హడ్సన్ దంతవైద్యం నేర్చినవాడు. ఇది నేను సందర్భం లేకపోయినా చెప్పే సంగతి, ఇక్కడ సందర్భం దొరికింది.

లండన్‌లో ప్రెషర్ సౌండ్స్ 1994 నుంచి నడుస్తోంది. యాబీ యూ వంటి, పేట దాటి పేరు రాని నిర్మాతలను వెతికి తీయడంలో వాళ్ళకు సాటి లేదు. స్టూడియో వన్ పాటలు కావాలంటే సోల్ జాజ్ సంకలనాలతో మొదలుపెట్టడం తేలిక. క్లెమెంట్ కాక్సన్ డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో నడిపిన ఆ స్టూడియోను రెగేకు పుట్టిల్లనవచ్చు. ఆ రోడ్డుకే ఇప్పుడు స్టూడియో వన్ పేరు పెట్టారు. అమెరికాలో హార్ట్‌బీట్ లేబుల్ అదే ఖజానా నుంచి 1980ల నుంచే చాలా తెచ్చింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో లాయిడ్ బార్న్స్ నడిపిన వాకీస్ స్టూడియో రికార్డులను 2001 నుంచి బెర్లిన్‌లోని బేసిక్ ఛానల్ వాళ్ళు తిరిగి వేశారు. పొగమంచులో వినిపించినట్టుండే ఆ శబ్దం అందరికీ నచ్చదు, నాకు ప్రాణం. టోక్యోలో డబ్ స్టోర్ ఏడంగుళాల రికార్డులు వేస్తుంది. అచ్చు నాణ్యతలో వాళ్ళను మించినవాళ్ళు లేరని నా అభిప్రాయం.

వీపీ కథ వేరు. విన్సెంట్, పాట్రీషియా చిన్ దంపతులు కింగ్‌స్టన్‌లో 17 నార్త్ పరేడ్ అనే చిరునామాలో ర్యాండీస్ దుకాణం నడిపారు. తర్వాత న్యూయార్క్ చేరి 1979లో వీపీ పెట్టారు. 2008లో గ్రీన్‌స్లీవ్స్ అనే లండన్ రెగే లేబుల్‌ను కూడా కొనేశారు. తమ పునర్ముద్రణల విభాగానికి 17 నార్త్ పరేడ్ అని పాత దుకాణం చిరునామానే పేరుగా పెట్టుకున్నారు.

ట్రోజన్ గురించి మన వైపు నుంచి ఒక మాట. 1968లో లండన్‌లో ఆ లేబుల్‌ను నిలబెట్టిన ఇద్దరిలో ఒకరైన లీ గోప్తాల్ భారతీయ మూలాలున్న జమైకా మనిషి. ఐలండ్ కంపెనీ కిల్‌బర్న్‌లో అద్దెకున్నది ఆయన భవనంలోనే. 1845 నుంచి 1917 దాకా దాదాపు 36,000 మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద జమైకా వెళ్ళారు. కలకత్తా నుంచి ఎక్కువ, మద్రాసు రేవు నుంచి కొందరు. మనం గంజాయి అనేదాన్ని అక్కడ గంజా అనడం వాళ్ళ వల్లే. ట్రోజన్ పెట్టెల్లో మూడు సీడీలకు 50 పాటలు వస్తాయి. వివరాలు తక్కువ, శబ్దం పాటకో తీరు. అయినా ఏది ఇష్టమో తేల్చుకోవడానికి అవి చవకైన బడి.

డబ్బు ఎవరికి?

ఈ ప్రశ్న నాకు మొదట్లో తట్టలేదు. కుర్రతనంలో హ్యాండ్స్‌వర్త్‌లో ఒక సౌండ్ సిస్టమ్‌కు స్పీకరు పెట్టెలు మోసిన పెద్దాయన ఒకరు నా దగ్గర దవడ పన్ను తీయించుకోవడానికి వచ్చారు. వారం క్రితమే కొన్న రికార్డు గురించి నేను గొప్పగా చెబుతుంటే, మత్తు ఎక్కిన సగం నోటితో, అందులో వాయించినవాళ్ళకు ఏమైనా ముట్టిందా అని అడిగారు. సమాధానం లేకపోయింది.

ఆ రోజుల్లో వాద్యకారులకు పాటకింత అని చేతిలో పెట్టి పంపేవారు. రాయల్టీ అనే మాటే తక్కువ. జమైకాకు సొంత కాపీరైటు చట్టం 1993లో గానీ రాలేదు, అప్పటిదాకా 1911 నాటి బ్రిటిష్ చట్టంతోనే నెట్టుకొచ్చారు. అబిసీనియన్స్ బృందం 1969లో స్టూడియో వన్‌లో పాడిన సట్టా మసగానాను డాడ్ మూలన పడేస్తే, వాళ్ళే డబ్బు కూడబెట్టి టేపు కొనుక్కుని 1971లో తమ క్లించ్ లేబుల్ మీద వేసుకున్నారు. తమ పాటను తామే కొనుక్కోవాల్సి వచ్చిన సంగీతం ఇది.

అందుకని ఇప్పుడు అట్ట మీద హక్కులు ఎవరి దగ్గర తీసుకున్నారో రాసి ఉందా అని చూస్తాను. నిర్మాత పేరో ఆయన వారసుల పేరో ఉండి, లేబుల్‌కు ఒక చిరునామా ఉంటే మంచిది. ఏ సంవత్సరమూ, ఏ చిరునామా, ఏ హక్కుల వాక్యమూ లేకుండా పాత లేబుల్‌ను అచ్చుగుద్దినట్టు దించితే జాగ్రత్త పడతాను. అక్షరాల అంచులు మసకబారి ఉంటే ఫోటో తీసి వేశారని అర్థం. అచ్చుతప్పులను మాత్రం గుర్తుగా పెట్టుకోకండి. జమైకా ఒరిజినళ్ళ నిండా అవే. అన్నీ సరిగ్గా ఉన్న లేబుల్‌ను చూస్తేనే నాకు అనుమానం.

అనుమతి తీసుకున్న లేబుళ్ళలో కూడా కొన్ని పాత లేబుల్ బొమ్మనే, తేదీ మార్చకుండా వేస్తాయి. నేను సంతలో బోల్తా పడింది అలాంటిదానితోనే. తయారుచేసినవాళ్ళది మోసం కాదు, చేతులు మారాక ఒరిజినల్ అని అమ్మడం మోసం. డిస్కాగ్స్ అనే వెబ్‌సైటులో అదే రికార్డు ముద్రణలన్నీ వరసగా ఉంటాయి. లేబుల్ ఫోటోను, నున్నటి పట్టీ మీది గీతలను వాటితో పోల్చి చూడండి. అమ్మేవాళ్ళు ఆ పట్టీ ఫోటో పంపనంటే కొనడం మానేయండి.

చేతిలోకి వచ్చాక

వాడిన రికార్డును పైనుంచి పడే వెలుతురులో చూడకూడదు. దీపం పక్కన పెట్టి, రికార్డును ఏటవాలుగా వంచాలి. పంటి మీద పగులు కూడా అలాగే కనిపిస్తుంది. గాడులకు అడ్డంగా గీత ఉంటే గోటి చివర మెల్లగా తాకించండి. గోటికి తగిలితే చెవికీ తగులుతుంది. గోటికి తగలని సన్నటి గీతలు చాలావరకు భయపెట్టడానికే. వాడిన రికార్డు స్థితికి అమ్మేవాళ్ళు వేసే గ్రేడుల్లో వీజీ ప్లస్ అని రాస్తే ఇతర సంగీతంలో బాగున్నట్టు లెక్క. పాత రెగే అమ్మేవాళ్ళలో కొందరు ఆ అక్షరాలను ఉదారంగా వాడతారు, ఒక మెట్టు తగ్గించుకుని చదువుకోండి.

కొత్త రికార్డుకు కూడా జబ్బులుంటాయి. మధ్య రంధ్రం సరిగ్గా మధ్యలో పడకపోతే స్వరం ఊగుతుంది. డ్రమ్ములలో ఇది తెలియదు. ఆగస్టస్ పాబ్లో వాయించే మెలోడికా (నోటితో ఊదుతూ మీటలు నొక్కే వాద్యం) లాంటి సాగే స్వరంలో వెంటనే తెలుస్తుంది. అందుకే కొత్త ప్లేయరు కొన్నా, కొత్త ముల్లు వేసినా నేను మొదట పెట్టేది పాబ్లోనే. ఊగితే ఆ రోజే తిరిగి పంపండి, నెల తర్వాత ఎవరూ తీసుకోరు.

ముల్లు బరువు దాని తయారీదారు చెప్పినంతే ఉంచాలి. మామూలు ఇంటి ప్లేయర్లకు సాధారణంగా 1.5 నుంచి 2 గ్రాములు. బేస్ ఎక్కువ కదా అని బరువు పెంచేవాళ్ళను చూశాను, గాడులు అరగడం తప్ప లాభం లేదు. మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టండి. అరచేతిలో పట్టే స్పీకరులో డబ్ వినడం ఆవకాయ వాసన చూసి అన్నం తినడం లాంటిది.

శుభ్రం చేయడానికి డిస్టిల్డ్ నీళ్ళు, అందులో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బట్ట, గాడుల వెంబడి తుడుపు. అంతే. లేబుల్ తడవకూడదు. పాత 78 రికార్డులకు, డబ్‌ప్లేట్లకు ఆల్కహాల్ తగలనివ్వకండి, పాడవుతాయి. మా క్లినిక్‌లో పనిముట్లు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిని చూసినప్పుడల్లా నాకు దుర్బుద్ధి పుట్టేది. అదృష్టవశాత్తు ఏడంగుళాలది కూడా అందులో పట్టదు. రికార్డులకోసమే చేసిన యంత్రాలు వేరే ఉన్నాయి. వాటిలోనూ నీళ్ళు వేడెక్కితే వినైల్ వంగుతుంది.

దేనితో మొదలుపెట్టాలి?

నన్ను అడిగితే ఒక గొంతు ఆల్బమ్, దాని డబ్ ఆల్బమ్ జంటగా కొనండి. స్పియర్ మార్కస్ గార్వీ, 1976లో వచ్చిన దాని డబ్ గార్వీస్ ఘోస్ట్ ఒకే సీడీగా దొరుకుతాయి. మెత్తబడిన ఐలండ్ మిక్సే అయినా, ఏది తీసేస్తే ఏది మిగిలిందో చెవికి పట్టుబడుతుంది. తర్వాత 1976 నాటి కింగ్ ట్యూబీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్. దాని తర్వాత ఒక స్టూడియో వన్ సంకలనం, కాంగోస్. ఈ నాలుగూ నెల రోజులు తిప్పి తిప్పి విన్నాక, అందులో మీకు నచ్చిన డ్రమ్మరు పేరు, నిర్మాత పేరు పట్టుకుని ముందుకు పోండి. గాయకుడి పేరు పట్టుకుని పోతే రెండో రికార్డుకే దారి తప్పుతారు.

ధరల మాట. ఇక్కడ నేను కొత్త ఎల్పీకి 18 నుంచి 25 పౌండ్లు, ఏడంగుళాలదానికి 8 నుంచి 12 పెడుతున్నాను. హైదరాబాదులో ఉన్న మా పిన్ని కొడుకు నేరుగా లండన్ నుంచి తెప్పించుకుంటే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి రికార్డు ధరను దాటింది. అతనికి నేను చెప్పేది రెండు మూడు నెలలు ఆగి నాలుగైదు కలిపి ఒకే పార్సిలుగా తెప్పించుకోమని, లేదా వచ్చేవాళ్ళ చేత పంపించుకోమని.

నేను వెళ్ళేటప్పుడు క్యాబిన్ సంచిలోనే పెడతాను, రెండు గట్టి అట్టల మధ్య, నిలువుగా. విమానం దిగాక అసలు గండం మొదలవుతుంది. వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. రాజమండ్రి విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్తూ దారిలో భోజనానికి ఆగితే, సంచి నాతోపాటే హోటల్లోకి వస్తుంది. ఇంట్లోనూ పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి.

ఇంకొక్క చిక్కు చెప్పాలి. జమైకా పద్ధతిలో వచ్చే ఏడంగుళాల రికార్డులకు మధ్య రంధ్రం పెద్దది, 38 మిల్లీమీటర్లు. ప్లేయరు మధ్య ఉండే సన్న కడ్డీకి అది నిలవదు, అడాప్టరు అనే చక్రం కావాలి. కొత్త ప్లేయర్లతో చాలాసార్లు ఇస్తారు, లేకపోతే రెండు మూడు పౌండ్లకు దొరుకుతుంది. నేను మొదటిసారి నాన్న కోసం పాబ్లో రికార్డు తీసుకెళ్ళినప్పుడు దాన్ని బర్మింగ్‌హామ్‌లోనే మరిచిపోయాను. నాన్న దుకాణంలో మిగిలిన నైలాన్ ముక్క ఒకటి తీసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, మధ్యలో రంధ్రం వేశారు. వేస్తే మెలోడికా ఊగింది. ఆయన ముల్లు ఎత్తి, వెర్నియర్‌తో నాలుగు వైపులా కొలిచి, ఒక పక్క అర మిల్లీమీటరు ఎక్కువుందన్నారు. మర్నాడు ఇంకో ముక్కతో మళ్ళీ చేశారు. అది ఊగలేదు. ఆ చక్రం ఇప్పుడు నా దగ్గరే ఉంది, కొన్న అడాప్టరు సొరుగులో పడి ఉంది.